కామాటిపురా గోడల పాఠం: సిమెంటు ఇటుకలో ఊక బూడిదకు చోటెంత?

ముంబై నగరంలోని కామాటిపురా పేరు వినగానే పలువురికి తలపునకు వచ్చేది వేరు. కాని ఆ పేరు వెనుక ఉన్నది తెలుగు కూలీల చెమట. నిజాం రాజ్యపు పల్లెల నుంచి తరలివెళ్ళి, బొంబాయి కట్టడాలకు రాయి, సున్నం మోసిన కామాటీల పేరనే ఆ పేట వెలసింది. అక్కడి శిథిల గృహాలను సామూహికంగా పునర్నిర్మించేందుకు మహారాష్ట్ర ప్రభుత్వం 2023లో ఆమోదం తెలిపింది. 1920వ దశకంలో కట్టిన బి.డి.డి. చాల్‌లలో, వర్లీలోని 556 కుటుంబాలకు 2025 ఆగస్టులో కొత్త ఇండ్ల తాళాలు అందాయి.

ఈ మార్పు సరిహద్దు పల్లెలకు పరాయిది కాదు. అక్కడి చాల్ గదులలో సర్దుకొని కూడబెట్టిన సొమ్మే ఇక్కడ సిమెంటు ఇటుకల ఇల్లుగా మారుతున్నది. ఆ ఇటుక ఎన్నేళ్ళు నిలుస్తుందన్నది అందుకే ఇంటింటి ప్రశ్న.

నాటి డంగుసున్నం

పూర్వం మన మేస్త్రీలు డంగుసున్నంలో బెల్లపు నీరు, కరక్కాయ కషాయం కలిపేవారు. అది మూఢాచారం కాదు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొంటూ నెలల తరబడి నెమ్మదిగా గట్టిపడుతుంది. బెల్లంలోని చక్కెర సున్నాన్ని నీటిలో మరింతగా కరిగేట్లు చేస్తుంది. వంటింటి వస్తువులు గోడకు బలమిచ్చిన విధమిది.

సిమెంటుకు తీపి పడదు

అయితే అదే పద్ధతిని సిమెంటుకు వర్తింపజేయటం ప్రమాదకరం. సిమెంటు గట్టిపడేది గాలితో కాదు, నీటితో. సిమెంటు బరువులో 0.05 శాతం చక్కెర చేరినా గట్టిపడటం కొన్ని గంటలు ఆలస్యమవుతుంది. 50 కిలోల బస్తాకు అది 25 గ్రాములు మాత్రమే. ఆ పాలు 0.2 శాతం దాటితే సిమెంటు దాదాపు గట్టిపడదు. కనుక పండ్ల తొక్కలు, చెరకు పిప్పి వంటి వ్యర్థాలను పచ్చిగా కలిపితే ఇటుక చెడుతుంది.

కాల్చిన పిదపనే మేలు

ఆ వ్యర్థాలనే తగిన విధంగా కాల్చితే ఫలితం వేరు. ఆస్ట్రేలియాలోని ఆర్.ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయ పరిశోధకులు కాఫీ పిప్పిని ప్రాణవాయువు లేకుండా 350 డిగ్రీల వేడిలో బొగ్గుగా మార్చి, కాంక్రీటులోని ఇసుకలో 15 శాతానికి బదులు వాడారు. బలం సుమారు 30 శాతం పెరిగినట్లు 2023లో ప్రకటించారు.

మనకు కాఫీ పిప్పి కన్న వరి ఊక చేరువ. వెయ్యి కిలోల వడ్లు ఆడిస్తే సుమారు 200 కిలోల ఊక, దానిని కాల్చితే 40 కిలోల బూడిద వస్తాయి. ఆ బూడిదలో అధిక భాగం సిలికా. సిమెంటు గట్టిపడేటప్పుడు విడుదలయ్యే సున్నంతో అది కలిసి, సన్నని రంధ్రాలను పూడ్చివేస్తుంది. నీరు, ఉప్పు లోనికి చొరబడటం తగ్గుతుంది. సముద్రపు గాలి సోకే ముంబై కట్టడాలకు ఈ గుణం ఎంతో విలువైనది. తగిన నాణ్యత ఉన్న ఊక బూడిదను అధికారి ఆమోదంతో వాడవచ్చునని భారత ప్రమాణం ఐ.ఎస్. 456 (2000) సైతం అనుమతించింది.

ఇక్కడొక హెచ్చరిక అవసరం. మిల్లు వెనుక కుప్పపోసిన నల్లని బూడిదంతా పనికిరాదు. సుమారు 700 డిగ్రీలు దాటకుండా కాల్చి, మెత్తగా నూరినదే సున్నంతో చక్కగా కలుస్తుంది. అతి వేడికి సిలికా స్ఫటికంగా మారి జడమవుతుంది. అరకొరగా కాలితే బొగ్గు మిగిలిపోతుంది.

కొనుగోలుదారు చేయదగినది

బూడిద కలిపినా, కలపకపోయినా సిమెంటు ఇటుకను కనీసం 14 రోజులు తడుపుతూ ఉంచాలి. బూడిద కలిపినదానికి ఈ తడి మరింత ముఖ్యం. బాగా ఆరిన ఇటుకను తూచి, ఒక రోజు నీటిలో నానబెట్టి, పైతడి తుడిచి తిరిగి తూచాలి. పెరిగిన బరువు పదో వంతుకు మించరాదు. 20 కిలోల ఇటుక 2 కిలోల కన్న ఎక్కువ నీరు పీల్చితే దానిని తిప్పిపంపటమే మేలు.

సున్నం మర్మమెరిగిన మేస్త్రీల వారసులు నేడు సిమెంటు తట్టలు మోసే కూలీలుగా మిగిలారు. ఊకను పారవేసే పల్లెలు, గోడలు కట్టే నగరాలు రెండింటినీ ఎరిగినవారు వారే. మిల్లుల చెంత బూడిదను పరీక్షించే ఏర్పాటు, ఆ కూలీలకు శిక్షణ ప్రభుత్వాలు కల్పించాలి. లేనిచో పాత గోడలతో పాటే ఆ విద్య కూడా నేలమట్టమవుతుంది.