గాజులు అమ్మే ముందు ఒక్క మాట

ఈ వారం పచ్చళ్ళ కబుర్లు కాస్త పక్కన పెడతాను.

మా మల్కాపురంలో, మా వీధి చివరింటి వదినగారు మొన్న సాయంత్రం కళ్ళనీళ్ళతో వచ్చారు. అన్నయ్యగారికి సిర్రోసిస్. పొట్టలో నీరు చేరింది. లివర్ మార్చాలన్నారట డాక్టర్లు. ఇంతలో ఎవరో, “ఆపరేషన్ ఎందుకమ్మా, స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే సరి, మూడు లక్షలు తెండి” అన్నారట. “గాజులు అమ్మెయ్యనా వదినా?” అని అడిగారు.

నా చదువు ఇంటర్మీడియటే. అయినా తెలిసిన డాక్టరమ్మని అడిగి తెలుసుకున్నాను. మీకూ పనికొస్తుందని చెబుతున్నాను.

ఇది ఉత్త కట్టుకథ కాదండీ. చెంచాడు పెరుగు తోడేస్తే గిన్నెడు పాలు తోడుకుంటాయి కదా! అలాగే లివర్ మొత్తం మార్చకుండా మంచి కణాలు ఎక్కిస్తే అవే పనందుకుంటాయని డాక్టర్ల ఆశ. కానీ దానమిచ్చే లివర్లే చాలడం లేదు, ఇక కణాలెక్కడివి? అందుకే వేరే దారులు వెతికారు. మన హైదరాబాదులోనే డాక్టర్ సి.ఎం. హబీబుల్లాగారి బృందం, లివర్ హఠాత్తుగా చెడిపోయిన ఏడుగురికి పిండం లివర్ కణాలు పొట్టలోకి ఎక్కించి, ఆ ఫలితాలను 1994లో ప్రకటించింది. కొందరు కోలుకున్నారు, అందరూ కాదు. 2010లో హైదరాబాదు నుంచే మరో నివేదిక వచ్చింది. 25 మంది సిర్రోసిస్ రోగులకు పిండం లివర్‌లోని మూలకణాలు, అంటే స్టెమ్ సెల్స్, ఎక్కిస్తే కొంత మెరుగు కనిపించిందట.

అయితే విరిగిన పాలకి ఎంత తోడేసినా పెరుగవదు కదా! మచ్చలు కట్టి గట్టిపడిన లివర్‌లో కొత్త కణాలు నిలదొక్కుకోవడం కష్టం. పైగా పరాయి కణాలను ఒళ్ళు తోసేస్తుంది. అందుకే భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలలో లివర్ జబ్బుకి ఈ వైద్యం ఇంకా పరిశోధన కిందే లెక్క. పరిశోధన అన్నాక రోగి దగ్గర ఆ వైద్యానికి డబ్బు పుచ్చుకోకూడదు. ఎవరైనా లక్షలు అడిగితే, “సి.టి.ఆర్.ఐ.లో మీ నమోదు నంబరెంత?” అని అడగండి. క్లినికల్ పరీక్షలన్నీ అక్కడ నమోదు కావాలి.

వదినగారు గాజులు అమ్మలేదు. అన్నయ్యగారి పేరు అవయవదానం కోసం జీవన్‌దాన్‌లో నమోదు చేయించే పనిలో ఉన్నారు. పెద్దబ్బాయి తన లివర్‌లో కొంత ఇస్తానంటున్నాడు. ఇచ్చినవాళ్ళకి మిగిలిన భాగం మళ్ళీ పెరుగుతుంది. దేవుడు పెట్టిన తోడు అదేనేమో!

గాజులు ఆ ఆపరేషన్‌కి అక్కరకొస్తాయి. ఆశ మంచిదే తల్లీ, ఆశని అమ్మేవాళ్ళతోనే జాగ్రత్త.