మావయ్య చేతిలో జపాన్ బీరు, అమ్మమ్మ మీద సారా కేసు

పోస్టు కొంచెం పెద్దదే. ఓపిగ్గా చదివి మీ అభిప్రాయం కూడా చెప్పండి.

మా ఊరి మావయ్య ఒకాయన పదిహేడేళ్లు ఆర్మీలో చేసి ఈమధ్యే ఇంటికి వచ్చేశాడు. సంక్రాంతి సెలవులకి హాస్టల్ నుంచి ఊరెళ్లినప్పుడు మేమంతా ఆయన్ని చూడ్డానికి పోయాం. ఆయన పెట్టెలోంచి ఒక బీరు సీసా తీశాడు. యూనిట్‌లో దోస్తు కూతురు టోక్యోలో ఉద్యోగం చేస్తదంట, ఆమె తెచ్చిన సీసాని ఆ దోస్తు వీడ్కోలు రోజు ఈయన చేతిలో పెట్టాడంట. టోక్యో దగ్గర కవాగోయె ఊళ్లో కోఎడో అనే చిన్న కంపెనీ చేసే 'రురి' అనే లాగర్ అది. మాకు ఇంకా 21 నిండలేదు, వాసన చూసి ఊరుకున్నాం.

మావయ్య ఒక గుక్క తాగి కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "బాగుందిరా. సన్నటి చేదు, గొంతు దిగాక నోరు శుభ్రంగా ఉంది. మన జీలుగు కల్లు పొద్దున ఒకలాగ, సాయంత్రం ఒకలాగ ఉంటది. ఇది ఎప్పుడు తాగినా ఇట్టాగే ఉంటదంట, మా డ్రిల్లు లాగ" అన్నాడు. నవ్వాం. ఆయన మాత్రం నవ్వలేదు. "నాలుగున్నరకి ఇప్పటికీ మెలకువొచ్చేస్తది. లేచి ఎక్కడికి పోవాలో తెలీట్లేదు" అన్నాడు.

ఆ ఇంట్లోనే ఇంకో సంగతి ఉంది. మావయ్యకి మాజీ సైనికుడిగా క్యాంటీన్ కార్డుంది, నెలనెలా కోటా మందు చట్టబద్ధంగా వస్తది. కానీ ఆయన డ్యూటీలో ఉన్న రోజుల్లోనే, పండక్కి ఇప్పసారా కాసిందని వాళ్లమ్మ మీద కేసు పెట్టారు, కుండలు పగలగొట్టారు. కొడుకు తాగితే గౌరవం, తల్లి కాస్తే నేరం. ఇదెక్కడి న్యాయం?

జపాన్‌లో కూడా ఒకప్పుడు చిన్నోళ్లకి చోటు లేదు. ఏడాదికి 20 లక్షల లీటర్లు చేయగలిగితేనే బీరు లైసెన్సు ఇచ్చేవాళ్లు. 1994లో ఆ హద్దుని 60 వేల లీటర్లకి తగ్గించారు. అప్పుడే ఊరూరా 'జి-బీరు', అంటే స్థానిక బీరు పుట్టింది. కోఎడో వాళ్లు తమ ప్రాంతంలో పండే చిలగడదుంపతో కూడా బీరు చేస్తారు. రైతులు ఇంట్లో చేసుకునే దొబురొకు అనే బియ్యపు కల్లుని 1899లో నిషేధించారు. 2003 నుంచి కొన్ని ప్రత్యేక ప్రాంతాల్లో రైతులకి మళ్లీ అనుమతి ఇస్తున్నారు. ఆకాశమేమీ విరిగిపడలేదు.

మన చరిత్ర చూడండి. 1879 రంప పితూరీ ఎందుకొచ్చింది? మన చెట్టు కల్లు మనం తీసుకోడానికి 'చిగురుపన్ను' కట్టమన్నారు, కల్లు హక్కుని బయటి కాంట్రాక్టర్లకి అప్పజెప్పారు. అందుకే కొండలు లేచాయి. 1996 పెసా చట్టం మత్తు పదార్థాల్ని నిషేధించాలన్నా, నియంత్రించాలన్నా గ్రామసభకి అధికారం ఉండాలంది. ఆంధ్రప్రదేశ్‌లో 2011లో రూల్స్ కూడా వచ్చాయి. మరి మన ఊళ్లలో ఎన్ని గ్రామసభలు దీని గురించి ఒక్కసారైనా కూర్చున్నాయి?

"తాగుడుతో ఇళ్లు కూలుతుంటే మీరు సారాని సమర్థిస్తారా?" అని కొందరు అక్కలు అడుగుతారు. ఆ కోపం న్యాయమైనదే. దూబగుంట ఆడవాళ్ల పోరాటం మనకి తెలియంది కాదు. మా ఇళ్లలోనూ తాగుడు దెబ్బ తిన్నవాళ్లం ఉన్నాం. అందుకే వద్దనే హక్కు కూడా గ్రామసభదే, అందులో ఆడవాళ్ల మాటే ముందు ఉండాలంటున్నాం. వ్యాపారానికి కాసే బెల్లం సారా వేరు, పండక్కి, దేవతకి పెట్టే ఇప్పసారా వేరు. ఆ తేడా ఊరికి తెలుసు.

ఇక రోజూ గ్రౌండులో రన్నింగ్ చేస్తున్న తమ్ముళ్లకి ఒక మాట. 2022లో వచ్చిన అగ్నిపథ్‌లో సర్వీసు నాలుగేళ్లే. నూటికి 25 మంది దాకానే ఉంచుకుంటారు. మిగతావాళ్లకి దాదాపు 11.71 లక్షలు ఇచ్చి పంపేస్తారు. పెన్షన్ లేదు, మాజీ సైనికుడి హోదా లేదు. పెన్షన్ ఉన్న మావయ్యకే పొద్దున లేచి ఎటు పోవాలో తెలియకపోతే, ఇరవై రెండు, ఇరవై మూడేళ్లకి తిరిగొచ్చే మీ సంగతేంటి? వెళ్లొద్దని చెప్పట్లేదు. డిగ్రీ మాత్రం వదలొద్దు. తిరిగొచ్చేసరికి ఊళ్లో మన చేతిలో మన పని ఉండాలి. ఇప్పపువ్వు, జీలుగు, తేనె, చింతపండు మన పేరుతో, మన లెక్కతో అమ్ముడుపోవాలి.

అందుకే మేం అనుకున్నది ఇది. వేసవి సెలవుల్లో ఎవరి ఊరికి వాళ్లు వెళ్లి, పెసా చట్టాన్ని తెలుగులో చదివి వినిపించి, ఈ విషయాన్ని గ్రామసభలో పెట్టించాలి. మా ఊళ్లో చదివి వినిపించే పని మావయ్య తీసుకున్నాడు. "ఇక నాలుగున్నరకి లేచినా పనుందిరా" అన్నాడు.

ఆ జపాన్ సీసాని అమ్మమ్మ కడిగి ఇప్పనూనె పోసుకుంది.

జై ఆదివాసీ.