జాబితా తగ్గితే జబ్బు తగ్గినట్టా?

పార్లమెంటులో తాగునీటి ప్రశ్న వచ్చినప్పుడల్లా కేంద్ర జలశక్తి శాఖ ఒక అంకె చదువుతుంది. 2019 ఆగస్టులో ఆర్సెనిక్ పీడిత ఆవాసాలు 14,020 ఉండేవట, ఇప్పుడవి వందల్లోకి దిగాయట. మిగిలినవాటికీ శుద్ధి కేంద్రాల నుంచి మనిషికి రోజుకు 8 నుంచి 10 లీటర్లు అందిస్తున్నారట. ఇక గండం గడిచినట్టేనని సర్కారు మనల్ని నమ్మమంటోంది. నమ్మలేం.

ఇంటింటికీ కుళాయి పథకం గంగాతీరపు పల్లెలకు మేలు చేసిన మాట నిజమే. కానీ ఆ అంకె లెక్కపెట్టేది పథకాలను, మనుషులను కాదు. ఫలానా ఊరికి మంచినీరు చేరిందని రాష్ట్రం నివేదిక పంపితే ఊరి పేరు జాబితాలోంచి లేచిపోతుంది. పాతికేళ్లు ఆ ఊరి బోరు నీళ్లు తాగినవాడి ఒంట్లోని విషం మాత్రం ఏ నివేదికతోనూ లేచిపోదు.

ఈ విషానికి రంగు లేదు, రుచి లేదు, కాచినా పోదు. ముందు ఛాతీ మీద, వీపు మీద చినుకులు పడ్డట్టు మచ్చలు వస్తాయి. తర్వాత అరచేతుల్లో, అరికాళ్లలో ఆనెకాయల్లాంటి గట్టి బుడిపెలు లేస్తాయి. కొడవలి పిడి పట్టుకుంటే నొప్పి, చెప్పులు లేకుండా గట్టు మీద నడిస్తే పగుళ్లు. వాటిలో కొన్ని ఏళ్ల తర్వాత మానని పుండ్లవుతాయి, చర్మ క్యాన్సర్‌గా మారతాయి. ఎండ వల్ల వచ్చే క్యాన్సర్ ఎక్కువగా ముఖాన, మెడ మీద కనిపిస్తుంది. ఇది ఎండ సోకని అరికాలిలోనూ వస్తుంది. పశ్చిమ బెంగాల్ రోగుల్లో ఈ జబ్బును కలకత్తా చర్మవైద్యుడు కె.సి. సాహా గుర్తించింది 1983లో! నాలుగు దశాబ్దాల తర్వాత కూడా మనం ఊళ్ల పేర్లే లెక్కపెట్టుకుంటున్నాం.

మంచినీరు ఇచ్చాం కాబట్టి అయిపోయిందనే వాదనకు చిలీ దేశం ఎప్పుడో జవాబు చెప్పింది. ఆంటోఫగాస్టా నగరం 1958 నుంచి 1970 దాకా ఆర్సెనిక్ నీరు తాగింది. 1970లో శుద్ధి కేంద్రం పెట్టారు. ఊపిరితిత్తుల, మూత్రాశయ క్యాన్సర్ మరణాలు మాత్రం తర్వాతి దశాబ్దాల్లోనూ ఎక్కువగానే నమోదయ్యాయి. పన్నెండేళ్ల నీటికే అంత శిక్ష పడితే, దశాబ్దాల తరబడి తాగిన బిహార్‌లోని భోజ్‌పుర్, పశ్చిమ బెంగాల్‌లోని మాల్దా జిల్లాల పల్లెల మాటేమిటి?

ఆ 8, 10 లీటర్ల సంగతీ చూద్దాం. అవి తాగడానికి, వంటకు మాత్రమే. జ్యేష్ఠమాసపు ఎండలో పొలం పనిచేసేవాడు దాహమేస్తే శుద్ధి కేంద్రం దాకా నడిచి వెళ్లడు, పక్కనున్న బోరు కొడతాడు. అదే నీటితో పండిన వరి అన్నమై కంచంలోకి వస్తుంది. 25 రాష్ట్రాల్లోని 230 జిల్లాల భూగర్భజలంలో పరిమితికి మించి ఆర్సెనిక్ ఉందని 2023 డిసెంబరులో పార్లమెంటుకు చెప్పింది కూడా ఈ కేంద్ర ప్రభుత్వమే. లీటరుకు 10 మైక్రోగ్రాములు మించరాదన్నది మన ప్రమాణమే. భూమిలో విషం అలాగే ఉంది, తగ్గింది కాగితం మీది అంకే.

తెలుగువారికి ఇది కొత్త కథ కాదు. తెలంగాణలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు సున్నా అని 2020లో ప్రకటన వచ్చింది. కృష్ణా నీళ్లు వచ్చిన మాట వాస్తవం. నల్లగొండలో అప్పటికే వంగిన వెన్నులు ఆ సున్నాతో నిటారు కాలేదు.

నీరు రాష్ట్రాల విషయమని కేంద్రం పక్కకు తప్పుకోవడం చెల్లదు, అంకెను గొప్పగా చదివేది తానే గనుక. జాబితాలోంచి తీసేసిన ప్రతి ఊళ్లో ఇంటింటికీ చర్మ పరీక్షలు జరపాలి. అనుమానం ఉన్న పుండుకు జిల్లా ఆసుపత్రిలోనే ఉచితంగా బయాప్సీ చేయాలి. విషపు బోరుకు బంగ్లాదేశ్‌లో వేసినట్టు ఎర్రరంగు వేయాలి. పార్లమెంటు వచ్చే సమావేశాల్లో మంత్రి ఆవాసాల లెక్క పక్కన పెట్టి, ఎందరి అరచేతులు పరీక్షించారో, ఎందరికి చికిత్స చేశారో చెప్పాలి.