పామిడి బస్సుస్టాండు

అనంతపురమునకును గుత్తికిని నడుమ, పెన్నయొడ్డున, 44వ జాతీయ రహదారిమీద నున్న యూరు పామిడి. వానలు తప్పిన యేట బ్రతుకుతెరువునకై బెంగుళూరు పోవు కూలివాడు పల్లెబస్సు దిగి దూరపుబస్సు నెక్కుటకు స్టాండే యాధారము.

2025 ఆగస్టు 15 నుండి ఆంధ్రప్రదేశమునందు పల్లెవెలుగు మొదలు ఎక్స్‌ప్రెస్సు వఱకు స్త్రీలకు ఉచితప్రయాణము లభించినది. సంతోషమే. కాని, బస్సు స్టాండులోనికి రాక రహదారివెంటనే సాగిపోయినచో, చంటిబిడ్డతో నెండలో వేచియున్న తల్లికి ఆ హక్కు కాగితముమీది హక్కే యగును.

పామిడిలో నిలుపవలసిన ప్రతి బస్సును స్టాండులోనికి రావలెను. పల్లెబస్సు వచ్చిన పిమ్మటనే దూరపుబస్సు కదలునట్లు వేళలు కుదుర్పవలెను. వానిని తెలుగున గోడపై వ్రాయింపవలెను. దీనికి కోట్లు వలదు, శ్రద్ధ చాలును. 2020 జనవరి 1 నుండి ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వోద్యోగులే. కావున జవాబు చెప్పవలసినదియు ప్రభుత్వమే.