ఎదురొచ్చేవాడి కోసం ఓ బల్బు

మన అనంతపురంలో కల్యాణదుర్గం రోడ్డు మీదో, తాడిపత్రి రోడ్డు మీదో చీకటి పడ్డాక ప్రయాణం చేసేవాళ్లకు ఈ అనుమానం కొత్త కాదు. దూరంగా ఒకే ఒక్క లైటు వస్తుంటుంది. అది బైకా, కారా? డ్రైవరు వైపు లైటు పోయి, అవతలి వైపుది మాత్రమే వెలిగే కారైతే చిక్కు మరీ ఎక్కువ. రోడ్డు అంచున ఎవరో బైకు మీద పోతున్నారనుకుని మనం నిబ్బరంగా నడుపుతాం. మన పక్కగా రావాల్సిన సగం కారు మాత్రం చీకట్లోనే ఉంటుంది.

ఇలాంటి ఒంటికన్ను కార్లు ఇన్ని తిరుగుతున్నాయంటే, బల్బు కొనలేక కాదు. మామూలు హాలోజన్ బల్బు రెండు మూడు వందల రూపాయలకు దొరుకుతుంది. షెడ్డుకు తీసుకుపోవాల, మెకానిక్ ఖాళీగా ఉండాల, అయినా ఇంకో లైటు ఉంది కదా, ఆదివారం చూద్దాంలే అనుకుంటాం. ఆ ఆదివారం రాదు. అందుకే నేననేది, కారు బల్బు మార్చడం మెకానిక్ పని కాదు, బండి నడిపేవాడి పని. స్టెప్నీ మార్చడం తెలియాలని ఒప్పుకునేవాళ్లం, బల్బు దగ్గరికొచ్చేసరికి ఎందుకు చేతులెత్తేస్తామో అర్థం కాదు.

చట్టం కూడా బాధ్యత బండి నడిపేవాడి మీదే పెట్టింది. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం పొద్దుగూకిన అరగంట నుంచి పొద్దుపొడవడానికి అరగంట ముందు దాకా లైట్లు వెలగాలి. ముందు లైట్ల తెల్లటి వెలుగు, వెనక లైటు ఎర్రటి వెలుగు 155 మీటర్ల దూరానికి కనపడాలి. వెనక నంబరు ప్లేటును 15.5 మీటర్ల నుంచి చదవగలగాలి. ఆ ప్లేటు మీది చిన్న బల్బు వెలుగుతోందో లేదో మనలో ఎందరం చూసుకున్నాం?

ఏ లైటు పోయిందో తెలుసుకోవడానికి ఇంకో మనిషి కూడా అక్కర్లేదు. రాత్రిపూట కారును గోడకో, మూసిన షట్టరుకో దగ్గరగా వెనక్కి పెట్టి బ్రేకు తొక్కితే అద్దంలో ఎరుపు రెండు వైపులా పడాలి. ముందు లైట్లూ అంతే. ఇండికేటర్ వేయగానే మామూలు కంటే వేగంగా టకటకా కొట్టుకుంటే ఆ వైపు బల్బు ఒకటి పోయిందని బండే చెబుతున్నట్టు. ఒక పక్కది మాత్రమే ఆరితే ముందు బల్బును అనుమానించాలి. రెండు పక్కలవీ ఒకేసారి ఆరితే ఫ్యూజు, రిలే, స్విచ్చి చూడాలి. బ్రేకు తొక్కినప్పుడు ఇండికేటర్ కూడా మసకగా వెలుగుతోందంటే బల్బు తప్పు కాదు, హోల్డర్ దగ్గర ఎర్త్ సరిగా తగలడం లేదు. తుప్పు గీకితే చాలు.

ఇక ఏ బల్బు కావాలన్నది. షాపులో "ఆల్టో బల్బు ఇవ్వన్నా" అంటే, "పాతది తెచ్చినావా?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నలోనే జవాబుంది. బల్బు అడుగుభాగం మీద దాని రకం అచ్చేసి ఉంటుంది. హెచ్4 అంటే హై బీమ్, డిప్పు రెండూ ఒకే బల్బులో ఉన్నది, 60/55 వాట్లు, వెనక మూడు రేకులు. హెచ్7లో ఒకటే ఫిలమెంట్, 55 వాట్లు. పార్కింగుకు, నంబరు ప్లేటుకు చాలా బండ్లలో వాడేది డబ్ల్యూ5డబ్ల్యూ, లోహపు టోపీ లేకుండా నేరుగా దూర్చే చిన్న గాజుబల్బు. కారుతో పాటు వచ్చిన పుస్తకంలో ఈ జాబితా అంతా ఉంటుంది. ఆ పుస్తకం డాష్‌బోర్డు అరలో ఆర్సీ కాగితాల కింద ఎప్పుడూ తెరవకుండా పడి ఉంటుంది.

హెచ్4 మార్చడం చూద్దాం. లైట్లు ఆపి, బల్బు చల్లారేదాకా ఆగాలి. బోనెట్ ఎత్తి, హెడ్‌లైటు వెనక కప్లర్‌ను అటూ ఇటూ కదుపుతూ లాగాలి. వైర్లు పట్టుకుని లాగకూడదు. రబ్బరు మూత తీస్తే తీగ క్లిప్పు కనిపిస్తుంది. అది ఎలా కూర్చుందో ఫోనుతో ఒక ఫొటో తీసి పెట్టుకుంటే, తిరిగి పెట్టేటప్పుడు తల గోక్కోనక్కర్లేదు. క్లిప్పు విప్పి పాత బల్బు తీశాక, కొత్త బల్బును లోహపు అడుగు దగ్గరే పట్టుకోవాలి, గాజును ముట్టుకోకూడదు. వేలి జిడ్డు అంటిన చోట గాజు మరింత వేడెక్కి, బల్బు తొందరగా పోతుంది. పొరపాటున తగిలితే స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడవాలి. బల్బు అంచున మూడు చెవులుంటాయి. అవి ఒకే తీరులో గాడిలో కూర్చుంటాయి. కూర్చోలేదని బలవంతంగా నొక్కి క్లిప్పు పెట్టేస్తే లైటు రోడ్డు మీద పడదు, ఎదురొచ్చేవాడి కళ్లలో పడుతుంది. అందుకే లోపల ఫిలమెంట్ కింద ఆ చిన్న లోహపు కప్పు. డిప్పు వెలుగును పైకి పోనీకుండా అడ్డుకునేది అదే.

వెనక లైట్ల దగ్గర ఇంకో తిరకాసు ఉంది. బ్రేకుకూ టెయిల్ లైటుకూ కలిపి ఒకే బల్బు ఉండే బండ్లలో వాడేది డబుల్ కాంటాక్ట్, అంటే పీ21/5డబ్ల్యూ. దాని అడుగున సీసం చుక్కలు రెండు, పక్కన పిన్నులు ఒకటి ఎత్తుగా, ఒకటి దిగువగా. 5 వాట్ల ఫిలమెంట్ టెయిల్ లైటుకు, 21 వాట్లది బ్రేకుకు. ఆ పిన్నులు సమానంగా లేకపోవడం తిరగేసి పెట్టకుండా ఉండడానికే. అది పట్టించుకోకుండా ఆకురాయితో పిన్ను అరగదీసి బిగించేవాళ్లున్నారు. అప్పుడు టెయిల్ లైటు బ్రేకు లైటంత వెలుగుతుంది. నిజంగా బ్రేకు వేసినప్పుడు వెనకవాడికి తేడా తెలియదు. అక్టోబరు, నవంబరు నెలల్లో శెనక్కాయ పీకినాక వెనక లైటే లేని ట్రాక్టరు ట్రాలీలు రాత్రుళ్లు మన రోడ్ల మీదికొస్తాయి. వాటిని చూసి సడన్ బ్రేకు వేసే కారు వెనక వచ్చేవాడికి ఆ తేడా ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు.

వెలుగు చాలడం లేదని 100/90 బల్బులు వేయించుకునేవాళ్లకు ఒక చిన్న లెక్క. 12 వోల్టుల మీద 60 వాట్లు 5 ఆంపియర్లు లాగుతుంది, 100 వాట్లు 8 ఆంపియర్లకు పైగా. అంతటి కరెంటు కోసం ఆ వైరు, ఆ కప్లర్ తయారు చేయలేదు. కొన్నాళ్లకు ప్లాస్టిక్ కరుగుతుంది. హాలోజన్ డూములో తెల్లటి ఎల్‌ఈడీ కిట్లు దూర్చడం ఇంకా అన్యాయం. ఫిలమెంట్ ఎక్కడుంటుందో లెక్కగట్టి ఆ డూము వంపు తీర్చారు. ఎల్‌ఈడీ చిప్పు వెలుగు చిమ్మే తీరు వేరు, కాబట్టి వెలుగు చెదిరిపోతుంది. మనకు బాగా కనపడుతున్నట్టే ఉంటుంది, ఎదురుగా వచ్చే సైకిలు మనిషికి మాత్రం ఏమీ కనపడదు.

నిజానికి మన దగ్గర వెలుగు తగ్గడానికి చాలాసార్లు బల్బు కారణం కాదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ ఇది. మిగతాదంతా ఎండ, ఎర్రదుమ్ము. హెడ్‌లైటు ముందుండే ప్లాస్టిక్ అద్దం ఎండకు పసుపెక్కి, దుమ్ముకు గీరుకుపోయి మసకబారుతుంది. ఎంత ఖరీదైన బల్బు పెట్టినా ఆ పసుపు దాటి రాదు. ముందు అద్దం పాలిష్ చేయించి, ఆ తర్వాత బల్బు సంగతి ఆలోచించడం మేలు.

ఇప్పటిదాకా చెప్పిందంతా బల్బు చేతికందే కార్ల గురించి. ఆ కార్లు తగ్గిపోతున్నాయి. మన దగ్గర తయారయ్యేవే చూడండి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీకి 2017లో ఒప్పందం కుదిరింది. 2019 ఆగస్టులో అక్కడ తయారైన సెల్టోస్ కారు మార్కెట్లోకి వచ్చింది. 2022లో జిల్లాలు విడిపోయి ఆ ఊరు శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లినా, కార్లు తయారయ్యే నేల మనదేనన్న గర్వం ఇక్కడ అందరిదీ. అయితే ఆ కంపెనీ అనే కాదు, దాదాపు అన్ని కంపెనీల ఖరీదైన మోడళ్లలోనూ ఎల్‌ఈడీ లైట్లు మూసేసిన డబ్బాలుగా వస్తున్నాయి. ఎల్‌ఈడీ ఎక్కువ కాలం మన్నుతుంది, కరెంటు తక్కువ తింటుంది, ఒప్పుకుంటాను. పోయిన రోజు మాత్రం మార్చేది బల్బును కాదు, మొత్తం అసెంబ్లీని. వందల్లో తేలే పని వేలల్లోకి, ఒక్కోసారి పదుల వేలల్లోకి పోతుంది. ఆదివారం చూద్దాంలే అన్నవాడు ఇక వచ్చే పంటకు చూద్దాంలే అంటాడు.

వాహనాల లైట్ల మీద ఐక్యరాజ్యసమితి 48వ నిబంధన ఒకటుంది. మార్చదగిన బల్బులను నిపుణుల సాయం లేకుండా, ప్రత్యేక పనిముట్లు లేకుండా మార్చుకునేలా అమర్చాలంటుంది. మార్చడానికి వీల్లేని ఎల్‌ఈడీలను మాత్రం ఆ షరతు నుంచి వదిలేసింది. మన దేశంలో 2022 డిసెంబరులో వినియోగదారుల శాఖ రిపేరు హక్కు పోర్టల్ తెరిచింది. అందులో ఆటోమొబైల్ కూడా ఒక రంగం. లైట్ల విషయంలో ఆ హక్కుకు అర్థం ఉండాలంటే లోపలి ఎల్‌ఈడీ భాగం విడిగా దొరకాలి, దాని ధర షోరూములో రాసి పెట్టాలి. కొనేటప్పుడు సన్‌రూఫ్ గురించి పది ప్రశ్నలు వేసే మనం, హెడ్‌లైటు పోతే ఎంతవుతుందని కూడా ఒక ప్రశ్న వేయాలి. అడిగేవాళ్లు పెరిగితేనే కంపెనీలు కదులుతాయి.

ఈలోగా రవాణా శాఖ చేయగలిగిన చిన్న పని ఒకటుంది. లైసెన్సు పరీక్షకు వచ్చినవాడితో ట్రాకు మీద కారు నడిపించి పంపేస్తున్నారు. దానితో పాటు అతని చేతికి ఓ హెచ్4 బల్బు ఇచ్చి, హోల్డర్లో పెట్టి వెలిగించమనాలి. వెలిగిస్తేనే లైసెన్సు.

— బాటసారి