బందరు కోటను బాగుచేయాలి, డంగుసున్నంతోనే!

బందరు పౌరులారా!

1759 ఏప్రిల్ 7 రాత్రి ఇంగ్లీషు కర్నల్ ఫోర్డు సేన మన కోట మీద పడింది. లోపల ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్. బయట ఇంగ్లీషువాళ్ళకు మందుగుండు అడుగంటింది. పైగా హైదరాబాదు నుంచి ఫ్రెంచివాళ్ళకు సాయంగా నిజాం సలాబత్ జంగ్ సైన్యంతో వస్తున్నాడు. కోట చుట్టూ ఊబినేల. అదే తమకు కాపలా అని ఫ్రెంచివాళ్ళ ధీమా. ఇంగ్లీషు కెప్టెన్ నాక్స్ ఆ ఊబి వైపు నుంచే తుపాకులు పేల్చి వాళ్ళను అటు తిప్పాడు. అసలు దాడి ఈశాన్యపు బురుజు మీద సాగింది. తెల్లారేసరికి కోట చేతులు మారింది. మరుసటి నెలలోనే సలాబత్ జంగ్ బందరు సీమను ఇంగ్లీషువాళ్ళకు రాసిచ్చాడు. ఈ దండయాత్రలో వాళ్ళకు తోడు నిలిచింది విజయనగరం ఆనంద గజపతి! ప్లాసీ యుద్ధం పేరు తెలిసిన మన పిల్లల్లో ఎందరికి ఈ సంగతి తెలుసు?

పాత కోటను ఎలా నిలబెట్టుకోవచ్చో తెలియాలంటే తమిళనాడులోని తరంగంబాడిని చూడండి. 1620లో తంజావూరు రఘునాథ నాయకుడి అనుమతితో డెన్మార్కువాళ్ళు అక్కడ సముద్రపు ఒడ్డున డాన్స్‌బోర్గ్ కోట కట్టారు. 1845లో ఇంగ్లీషువాళ్ళకు అమ్మేశారు. తర్వాత అది ప్రయాణికుల బంగళా అయింది. ఇప్పుడు తమిళనాడు పురావస్తు శాఖ మ్యూజియం. డెన్మార్కువాళ్ళూ చేయి కలిపి మరమ్మతు చేయించారు. కట్టడానికి ఏదో ఒక పని ఉంటే దాని బాగోగులు చూసే మనిషీ ఉంటాడు. మన కోటకు లేనిది అదే.

మరమ్మతు అనగానే సిమెంటు బస్తాలు దించితే ఉన్నదీ పోతుంది. ఉప్పుగాలికి తడిసిన పాత ఇటుక లోపలి చెమ్మ బయటికి పోవాలి. సున్నపు పూత దాన్ని పోనిస్తుంది, సిమెంటు బిగబట్టేస్తుంది. చెమ్మతోపాటు ఉప్పు లోపలే పేరుకుని గడ్డకట్టి ఇటుక ముఖాన్ని పెచ్చులుగా రాలగొడుతుంది. పైన నున్నగా కనిపిస్తుంది, లోపల పొడి. అందుకే డంగుసున్నం తెలిసిన మేస్త్రీలతోనే చేయించాలి. ఖర్చు ఎక్కువే, కాదనం.

కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. ఆ శాఖను మనం అడిగేది ఇంతే: మిగిలిన గోడలకు సున్నపు మరమ్మతు, 1759 కథ చెప్పే తెలుగు బోర్డు, పెడన అద్దకం బట్టలు, ఓడల వ్యాపారం చూపే చిన్న మ్యూజియం. కొత్త పోర్టు కోసం వచ్చే జనానికి ఊళ్ళో చూపించడానికి ఏదైనా ఉండాలి కదా!

ఇవే కోరుతూ కలెక్టరుగారికి ఇచ్చే విన్నపం మీద మీ సంతకం చేయండి, మీ వీధివాళ్ళ చేతా చేయించండి.