వెనకగదికీ వాటా కావాలి

అద్దె ఇళ్లల్లో వైఫై పెట్టె ఎక్కడుంటుందంటారు? వీధి గుమ్మం పక్కన, టీవీ వెనకాల! తీగ అక్కడిదాకానే వచ్చిందిట. హాల్లో క్రికెట్టుకి లోటుండదు. వెనకగదిలో ఆఫీసు మీటింగుకి కూచున్న ఇల్లాలి మాట మాత్రం మధ్యలో తెగిపోతుంది.

"గోడకి మేకు కొడితే ఇంటివారు ఊరుకోరు" అని ఓ సాకు. మేకెవరడిగారండీ? పొడుగుపాటి తీగ గోడ వారగా పాకిస్తే చాలదూ? పెట్టెని ఇంటి నడుమ, ఎత్తుగా పెట్టండి. ఇనప బీరువా చాటున వద్దు. 5 గిగాహెర్ట్జ్ వేగమైనదేగాని గోడలు దాటేసరికి నీరసిస్తుంది. వెనకగదికి 2.4 నయం. అదీ మైక్రోవేవ్ ఓవెన్ దగ్గర తడబడుతుంది, కాస్త ఎడంగా ఉంచండి.

బిల్లు ఇంటిల్లిపాదిదీ అయినప్పుడు సిగ్నలు ఒక్క హాలుదే ఎలా అవుతుందమ్మా? ఈ ఆదివారమే ఆ పెట్టెని కదిలించండి. ఎవరైనా అడిగితే నేను చెప్పానని చెప్పండి!